‘చేపలో దాగిన కుర్రాడు’: డేవిడ్ హాక్నీ ఎచింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రింట్ల గురించి మాట్లాడమని ఎవరు పిలిచినా నేను ముందుగా తెరమీద చూపించేది ఈ బొమ్మనే. చూపించిన ప్రతిసారీ అవే సందేహాలు వస్తాయి. చెప్పిందే చెప్పి విసుగొచ్చిందని కాదు గానీ, ఒకచోట రాసిపెడితే ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకుంటారని ఈ పేజీ. వరసగా చదవాల్సిన పనిలేదు.

## బొమ్మ చూసే ముందు

ఇంతకీ ఇది ఏ బొమ్మ? ఎవరు వేశారు?

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో 1937లో పుట్టిన డేవిడ్ హాక్నీ 1969లో రాగి రేకు మీద గీసిన ఎచింగ్ ఇది. (ఎచింగ్ అంటే రేకుమీద గీసిన గీతలను ఆమ్లంతో తినిపించి, సిరా పట్టించి కాగితంమీద అచ్చు తీసే బొమ్మ.) పేరు ‘ది బాయ్ హిడెన్ ఇన్ ఎ ఫిష్’. గ్రిమ్ సోదరులు సేకరించిన జర్మన్ జానపద కథల్లోంచి ఆరింటిని ఎంచుకుని, వాటికి హాక్నీ 39 ఎచింగ్‌లు చేశాడు. 1970లో లండన్‌లోని పీటర్స్‌బర్గ్ ప్రెస్ వాటిని ప్రచురించింది. మన బొమ్మ వాటిలో మొదటి కథకు సంబంధించింది. ఒక చేప, దాని కడుపులో ఒక కుర్రాడు, అంతే. నలుపు తెలుపులో ఉంటుంది.

ఈత కొలనుల బొమ్మలు వేసిన హాక్నీయేనా ఈయన?

ఆయనే. కాలిఫోర్నియా ఎండ, నీలం నీళ్ళు, డైవింగ్ బోర్డు కనిపించే ‘ఎ బిగ్గర్ స్ప్లాష్’ 1967 నాటిది. అది వేసిన రెండేళ్ళకే ఈ చేప వచ్చింది. రెండింట్లోనూ మనిషి నీటిలోకి వెళ్ళిపోయాడు. ఆ రంగుల బొమ్మలో దూకినవాడు అసలు కనిపించడు, ఎగిరిన నీళ్ళే మిగులుతాయి. ఈ ఎచింగ్‌లో అడుగున ఉన్నవాడు కనిపిస్తాడు. ఈ పోలిక హాక్నీ చెప్పింది కాదు, నాకు తోచింది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి, మీకూ తోచకపోదు.

అసలు కథేంటి? తెలియకుండా చూస్తే అర్థమవుతుందా?

తెలియకుండా ఒకసారి చూడండి, తెలిశాక ఇంకోసారి చూడండి. కథ ఇది.

ఒక రాజకుమారి. ఆమె కోటలో పైన ఒక గది, ఆ గదికి పన్నెండు కిటికీలు. మొదటి కిటికీలోంచి చూస్తే మామూలు మనుషులకంటే బాగా కనిపిస్తుంది, రెండోదాంట్లో ఇంకా బాగా. అలా పెరుగుతూ పోయి, పన్నెండో కిటికీలోంచి చూస్తే భూమ్మీదా భూమి కిందా ఏదీ దాగదు. రాజ్యం ఒక్కతే ఏలుకోవాలని ఆమె పంతం. అందుకని పెళ్ళికి ఒక షరతు పెట్టింది. తనకు కనబడకుండా దాక్కోగలిగినవాణ్ణే చేసుకుంటుంది. దొరికితే తల తీసి గుంజకు గుచ్చుతారు. కథ మొదలయ్యేసరికే 97 గుంజలు నిండాయి.

ముగ్గురు అన్నదమ్ములు వస్తారు. పెద్దవాడు సున్నపు గుంటలో, రెండోవాడు కోట నేలమాళిగలో దాక్కుంటారు. ఇద్దర్నీ మొదటి కిటికీలోంచే పట్టేసింది. మూడోవాడు ఒకరోజు గడువు, మూడు అవకాశాలు అడుగుతాడు. వేటకు వెళ్ళి ఒక కాకోలాన్ని, ఒక చేపను, ఒక నక్కను చంపకుండా వదిలేస్తాడు. కాకోలం గుడ్డును రెండు ముక్కలు చేసి, అతణ్ణి లోపల పెట్టి మూసి, దానిమీద పొదుగుతుంది. పదకొండో కిటికీలో దొరికిపోయాడు. చేప అతణ్ణి మింగి చెరువు అడుక్కి వెళుతుంది. ఈసారి పదకొండు కిటికీలూ ఓడిపోయాయి. రాజకుమారికి కంగారు పుట్టింది. పన్నెండో కిటికీలోంచి చూస్తే కనబడ్డాడు. చేపను పట్టించి చంపించింది. చివరికి నక్క అతణ్ణి ఒక బుజ్జి జంతువుగా మార్చి, తను వ్యాపారిలా వేషం వేసి ఆమెకే అమ్ముతుంది. అతను ఆమె జడ కిందే దూరి కూర్చుంటాడు. లోకమంతా వెతికినా దొరక్కపోయేసరికి ఆమె కోపంతో కిటికీ వేసిన తీరుకు పన్నెండు కిటికీల అద్దాలూ పగిలిపోతాయి.

పెళ్ళయింది. కానీ తను ఎలా దాక్కున్నాడో అతను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

చేప కడుపులో పిల్లాడంటే మన ప్రద్యుమ్నుడి కథే కదా?

తెలుగువాళ్ళ మధ్య ఈ బొమ్మ పెడితే ఎవరో ఒకరు భాగవతం ఎత్తకుండా ఉండరు. శంబరాసురుడు పురిటిబిడ్డను ఎత్తుకుపోయి సముద్రంలో పడేయడం, చేప మింగడం, ఆ చేప జాలరుల వలలో పడి చివరికి శంబరుడి వంటింటికే రావడం, వంటవాళ్ళు కోస్తే లోపల బిడ్డ కనిపించడం, మాయావతి పెంచడం గుర్తొస్తాయి. పోలిక బాగానే ఉంది. కానీ ఒక కథలోంచి ఇంకోటి పుట్టిందని చెప్పడానికి అది సరిపోదు. చేప కడుపులో మనిషి ఎన్నో దేశాల కథల్లో ఉన్నాడు.

నాకు తేడానే ఎక్కువ ఇష్టం. ప్రద్యుమ్నుడు తెలియకుండా చేపలోకి వెళ్ళాడు, దానివల్లే బతికాడు. గ్రిమ్ కథలో కుర్రాడు కావాలని వెళ్ళాడు, అయినా దొరికిపోయాడు. చచ్చింది పాపం ఆ చేప.

పిల్లల కథలే కదా, ఇందులో పెద్దవాళ్ళు చూడాల్సిందేముంది?

99 తలలు గుంజలకు వేలాడే కథను పిల్లల కథ అని ఎలా అంటారో నాకర్థం కాదు. హాక్నీ కూడా ముద్దొచ్చే బొమ్మల కోసం ఈ కథల దగ్గరికి రాలేదు. ఒక వాక్యం చదవగానే వింతగా కళ్ళముందు నిలిచేది దొరికితే అది గీశాడు. కథంతా వరసగా చెప్పే బాధ్యత నెత్తిన పెట్టుకోలేదు.

## బొమ్మ ముందు నిలబడ్డాక

దాక్కున్నాడంటారు, నాకు కనిపిస్తూనే ఉన్నాడే?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నకే జవాబు రాయమంటే నేను దీనికే రాసేవాణ్ణి.

పేరులో ‘దాగిన’ అని ఉంది. బొమ్మలో మాత్రం చేప ఒళ్ళు అడ్డురావడం లేదు, లోపలి మనిషి కనిపిస్తున్నాడు. బొమ్మల పుస్తకాలు వేసేవాళ్ళకు ఇక్కడ రెండు దారులున్నాయి. చేపను మాత్రమే వేస్తే కుర్రాడు నిజంగానే దాగిపోతాడు, కానీ చూసేవాడికి అది ఉత్త చేప. లేదంటే అడ్డకోత కోసినట్టు లోపలిది చూపించాలి. హాక్నీ రెండోది పట్టుకున్నాడు. ఇది వట్టి సౌకర్యం కోసం చేసిన పనిలా అనిపిస్తుంది, కథ గుర్తొచ్చేదాకా.

చెరువు అడుగున, చేప కడుపులో ఉన్నవాణ్ణి ఈ కథలో చూడగలిగింది ఎవరు? రాజకుమారి ఒక్కతే. అదీ పన్నెండో కిటికీలోంచి. అంటే ఈ బొమ్మ చూస్తున్న మీరు, నేను నిలబడి ఉన్నది ఆ కిటికీ దగ్గరే. కాగితం మీద కనిపించే ఆ రాగి రేకు అంచే మన కిటికీ చట్రం. కుర్రాడు గెలవాలని కోరుకుంటూ కథ చదివిన మనమే వాణ్ణి పట్టిస్తున్నాం. మన కంటపడ్డాడంటే వాడు ఓడిపోయినట్టే.

హాక్నీ ఇలా అనుకునే వేశాడని నేననను. బొమ్మ ఇలా చదవడానికి ఒప్పుకుంటోంది, అది చాలు.

ఒకసారి ఇది చెబుతుంటే వెనక వరసలో ఒక పెద్దావిడ, “అయితే చూడకుండా ఉంటే వాడు బతుకుతాడా బాబూ?” అని అడిగింది. హాలంతా నవ్వింది. నాకు మాత్రం జవాబు తట్టలేదు.

ఇది కలా? హాక్నీని సర్రియలిస్టు అనొచ్చా?

కలలా ఉంటుంది, నిజమే. కానీ ఆయన ఆ గుంపువాడు కాదు. సర్రియలిస్టులు తమ కలలనీ, మనసు అడుగున దాగినవాటినీ తవ్వి తీయాలనుకున్నారు. హాక్నీ చేతిలో ఉన్నది అచ్చయిన కథ. అందులో వింత ముందే ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు, ముఖం మామూలుగా పెట్టుకుని గీశాడు. మన పల్లెల్లో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని చెప్పే ముసలమ్మ గొంతు తగ్గించదు, కళ్ళు పెద్దవి చెయ్యదు. ఊళ్ళో సంగతి చెప్పినట్టే చెబుతుంది. ఈ బొమ్మ స్వరం కూడా అలాంటిదే.

అయితే ఈ 39 బొమ్మల్లో ఆయన పాత, కొత్త చిత్రకారులను హాయిగా అరువు తెచ్చుకున్నాడు. దయ్యం వేషం వేసి రాయిలా నిలబడ్డ చర్చి పనివాడి బొమ్మలో బెల్జియం సర్రియలిస్టు మాగ్రిట్ ఛాయ తెలిసిపోతుంది.

రంగులెందుకు లేవు? అన్నేసి గీతలెందుకు?

రంగు లేదు కాబట్టే అన్ని గీతలు. నీడ కావలసినచోట హాక్నీ అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా సన్నగీతలు ఒకదానిమీద ఒకటి వేసుకుంటూ పోయాడు. ఇంగ్లీషులో దీన్ని క్రాస్ హ్యాచింగ్ అంటారు. కొంచెం దూరం నుంచి చూస్తే బూడిదరంగు నీడ. ముక్కు ఆనేంత దగ్గరికి వెళితే చేపలవల. గీతలు కలిసే ప్రతి ముడి దగ్గరా సిరా కాస్త చిక్కబడుతుంది. ముడులమధ్య చీమ తలకాయంత తెల్లటి కాగితం మిగిలిపోతుంది. ఆ మిగిలిన తెలుపే వెలుతురు. ఇంకా ముదరాలంటే ఇంకో వరస గీయాలి, వెలుగు కావాలంటే చెయ్యి ఆపాలి.

ఆయనే అంతకుముందు చేసిన ఎచింగ్‌లలో అక్వాటింట్ అనే పద్ధతి ఎక్కువ కనిపిస్తుంది. రేకుమీద రాళపొడి చల్లి, వేడిచేసి అంటించి, ఆమ్లంలో పెడితే నీడ మరకలా పరుచుకుని వస్తుంది. ఈ కథల దగ్గరికొచ్చేసరికి గీతలతోనే నీడ అల్లడం మీదికి మనసు మళ్ళింది. పాత పుస్తకాల బొమ్మలు గుర్తుకు రావడానికి అదో కారణం.

తల్లి గర్భం, పునర్జన్మ అంటూ రాస్తున్నారు. నమ్మాలా?

చేపలో ముడుచుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా గర్భం గుర్తొస్తుంది. ఇదే కథకు వేసిన మరో బొమ్మలో కుర్రాడు గుడ్డులో ఉన్నాడు, కాబట్టి ఆ మాట తీసిపారేయలేం. ఇష్టమైతే అలా చదవండి. కానీ అక్కడే ఆగిపోతే భయం సంగతి మరిచిపోతాం. లోపలున్నవాడు పుట్టబోవడం లేదు, తల కాపాడుకుంటున్నాడు.

మిగతా 38 బొమ్మలూ ఇలాగే ఉంటాయా?

ఉండవు. కొన్నింట్లో మనిషే ఉండడు. ‘హోమ్’ అనే బొమ్మలో కుర్చీ, దీపం లాంటి ఇంటి సామాన్లే. భయమంటే ఏమిటో నేర్చుకోవడానికి ఇల్లు వదిలిన కుర్రాడి కథకు వేసింది అది.

నాకు మరీ నచ్చేది మంత్రగత్తె ఒళ్ళో పసి రపుంజెల్ (ఆ ఆరు కథల్లో మరోదాని నాయిక) ఉన్న బొమ్మ. మేరీమాత ఒళ్ళో బాలయేసును కూర్చోబెట్టే పాత చిత్రాల పద్ధతిలోనే, డచ్ చిత్రకారుడు బాష్ బొమ్మను మనసులో పెట్టుకుని అమర్చాడు. తీరా ముఖం చూస్తే తల్లి ముఖం కాదు, వికారంగా ఉన్న ముసలి ముఖం. అయినా బిడ్డను పట్టుకున్న తీరులో లోటు లేదు. ఎత్తుకొచ్చిన బిడ్డే అయినా ఆమెకది బిడ్డే.

కథల్లోని కోటల కోసం హాక్నీ రైన్ నదిమీద పడవలో ప్రయాణించి మరీ చూసొచ్చాడు.

## ఎలా తయారవుతుంది

ప్రింటంటే అసలు బొమ్మకు కాపీయే కదా?

కాదు. ఇక్కడ ‘అసలు బొమ్మ’ అని వేరే ఎక్కడా లేదు. కాన్వాస్‌మీద వేసిన చిత్రాన్ని ఫొటో తీసి అచ్చేస్తే అది కాపీ, అదే పోస్టర్. ఎచింగ్‌లో చిత్రకారుడు రాగి రేకుమీదే గీస్తాడు. రేకు అచ్చు మాత్రమే. దానిమీద సిరా పట్టించి కాగితంమీద ఒత్తినప్పుడే బొమ్మ పుడుతుంది. కజ్జికాయల్లాగా ఒకే అచ్చులోంచి వచ్చినా ప్రతి కాగితమూ అసలుదే.

తేడా వేలికే తెలుస్తుంది. ఎచింగ్‌లో రేకు అంచు కాగితంలోకి దిగి చుట్టూ చిన్న గట్టు మిగులుతుంది. దాన్ని ప్లేట్ మార్క్ అంటారు. పోస్టరుకు అది ఉండదు. (ప్రదర్శనలో మాత్రం తాకకండి, కంటితో చూసినా కనిపిస్తుంది.)

ఎచింగ్ ఎలా చేస్తారో కొంచెం వివరంగా చెప్పగలరా?

నున్నగా మెరిసే రాగి రేకు తీసుకుని దాని అంచులు ఏటవాలుగా అరగదీస్తారు, లేకపోతే కాగితం చిరుగుతుంది. దానిమీద మైనం, తారు, రాళ కలిసిన పూత పలచగా పట్టిస్తారు. ఆరాక సూదితో గీస్తారు. పూత చిట్లి కింద రాగి మెరుస్తుంది. ఇక్కడ సూదికి బలం అక్కర్లేదు, పెన్సిలు కంటే తేలిగ్గా నడుస్తుంది. ఉలితో రాగిని తవ్వే పాత ఎన్‌గ్రేవింగ్‌కూ దీనికీ అదే తేడా. చేతిరాతలో ఉండే వణుకు, తొందర కూడా గీతలోకి వచ్చేస్తాయి.

తర్వాత రేకును ఆమ్లంలో ముంచుతారు. పూత ఉన్నచోట ఆమ్లం ముట్టుకోదు, గీసినచోట మాత్రం తింటుంది. కాసేపుంచితే సన్నగీత, ఎక్కువసేపుంచితే లోతైన నల్లగీత. కొన్ని గీతలు సన్నగానే ఉండాలంటే మధ్యలో తీసి వాటిమీద వార్నిష్ పూసి మళ్ళీ ముంచాలి. నేను నేర్చుకునే రోజుల్లో ఫోను వస్తే మాట్లాడుతూ రేకు సంగతి మర్చిపోయాను. రెండు వారాలు కూర్చుని గీసిన చింతచెట్టు వచ్చి చూసేసరికి ఒక్క నల్లముద్దయింది. ఆరోజు నుంచి ఆమ్లం పక్కన గడియారం తప్ప ఇంకేమీ పెట్టుకోను.

పూత కడిగేశాక రేకుకు సిరా రుద్ది, పలచటి గంజిగుడ్డతో పైపైన తుడుస్తారు. గీతల్లోది మాత్రం మిగులుతుంది. తడిపి, పైనీరు అద్దేసిన మెత్తటి కాగితం రేకుమీద పరిచి, పైన ఉన్ని గుడ్డలు వేసి, రెండు ఇనుప రోలర్లమధ్య నడిపిస్తారు. ఆ ఒత్తిడికి కాగితం గీతల్లోకి దిగి సిరాను లాక్కొస్తుంది.

గీసింది తిరగబడి వస్తుందట, నిజమేనా?

నిజమే. రేకుమీద ఎడమవైపు గీసింది కాగితంమీద కుడివైపుకు వస్తుంది. అక్షరాలు రాయాల్సివస్తే అద్దంలో రాసినట్టు రాయాలి.

పెయింటర్‌గా పేరున్న మనిషి ఎచింగ్‌లోకి ఎందుకొచ్చాడు?

డబ్బుల్లేక. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివేటప్పుడు హాక్నీ దగ్గర రంగులు కొనే డబ్బు అయిపోయింది. ప్రింటు విభాగంలో సామాన్లు ఉచితమని తెలిసి అటు నడిచాడు. 1961లో చేసిన తొలి ఎచింగ్ ‘మైసెల్ఫ్ అండ్ మై హీరోస్’. అందులో తనతోపాటు నిలబెట్టుకున్న ఇద్దరు ఎవరో తెలుసా? అమెరికా కవి వాల్ట్ విట్మన్, మన గాంధీగారు. అప్పటికి హాక్నీ శాకాహారి, యుద్ధమంటే పడనివాడు. సైన్యంలో చేరనని చెప్పి, దాని బదులు ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చాడు. తర్వాత 1963లో వచ్చిన 16 ఎచింగ్‌ల ‘ఎ రేక్స్ ప్రోగ్రెస్’తో ఈ పనిలోనూ పేరు స్థిరపడింది.

మన తెలుగు ప్రాంతంలో ఇలాంటి ఎచింగ్‌లు చేసినవాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. హాక్నీ కోసం ఇంగ్లండ్ దాకా వెళ్ళేముందే మనకు తెలిసి ఉండాల్సిన పేరు ఒకటుంది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ హైదరాబాద్‌లోనూ ఆ తర్వాత బరోడాలోనూ చదువుకుని ఎచింగ్‌లో తనదైన లోకాన్ని కట్టుకున్నారు. పల్లె మనుషులు, మేకలు, చెట్లు ఒకదాంట్లోంచి ఒకటి మొలిచినట్టుండే ఆ బొమ్మల్లో కల ఉంది, కామం ఉంది, మట్టి ఉంది. 2016లో పద్మశ్రీ వచ్చింది. హాక్నీ గీత చల్లగా, తీరిగ్గా ఉంటుంది. లక్ష్మా గౌడ్ గీతకు ఒళ్ళు వేడెక్కి ఉంటుంది.

## కొనాలనుకుంటే, దాచుకోవాలనుకుంటే

ఒకే బొమ్మకు ఎన్ని ప్రింట్లుంటాయి? కింద 34/100 అని రాసి ఉంటుందేంటి?

100 అంటే ఆ విడతలో తీసిన మొత్తం ప్రింట్లు. 34 అంటే మీ చేతిలో ఉన్న దాని సంఖ్య. ముందు నంబరుకు ఎక్కువ విలువ అనేది చాలామటుకు అపోహే, ఎందుకంటే అచ్చు తీసిన వరసలోనే నంబర్లు వేస్తారని ఏమీ లేదు. హాక్నీ గ్రిమ్ ఎచింగ్‌లు 400 పుస్తకాలుగానూ, కుట్టని విడికాగితాల పెట్టెలు మరో 100గానూ వచ్చాయి. కాబట్టి ఈ చేప లోకంలో ఒకటి కాదు, వందల్లో ఉంది.

హాక్నీ బొమ్మంటే వందల కోట్లట కదా?

2018లో న్యూయార్క్ వేలంలో 9 కోట్ల డాలర్ల పైచిలుకుకు పోయింది ఈత కొలను పక్కన మనిషి నిలబడి ఉన్న 1972 నాటి పెయింటింగ్. అది లోకంలో ఒక్కటే. ఎచింగ్ వందల ప్రతుల్లో ఉంటుంది కాబట్టి ధర ఆ దరిదాపుల్లో కూడా ఉండదు. అలాగని చవకా కాదు. కొనేటప్పుడు సంతకం, నంబరు, కాగితం మీద మరకలు, అంచులు కత్తిరించారా లేదా అనేవి చూసుకోవాలి. పుస్తకంలోంచి చింపి ఫ్రేము కట్టిన పేజీని విడి ప్రింటని అమ్మేవాళ్ళుంటారు, జాగ్రత్త.

నెట్‌లో దొరికిన బొమ్మను నా కవితల పుస్తకం అట్టకు వాడుకోవచ్చా?

అనుమతి లేకుండా వద్దు. బ్రిటన్‌లో చిత్రకారుడి జీవితకాలం, ఆ తర్వాత 70 ఏళ్ళు హక్కులుంటాయి. మన చట్టం ప్రకారం 60 ఏళ్ళు. కథ పాతదైనంత మాత్రాన బొమ్మ పాతది కాదు.

మాది విశాఖ. ఇంట్లో ఒక ఎచింగ్ ఉంది, తేమకు పాడవుతుందని టెన్షన్. ఏం చేయాలి?

టెన్షన్ పడాల్సిందే. సముద్రపుగాలికి కాగితంమీద గోధుమరంగు చుక్కలు లేస్తాయి. ఫ్రేము కట్టే షాపులో ఆమ్లం లేని మౌంటు బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట) అడగండి, అద్దానికీ కాగితానికీ మధ్య ఆ మౌంటు మందం ఖాళీ ఉండేలా చూడండి. అద్దానికి అంటుకుంటే ఊడి రాదు. వెనక సెల్లోటేపు, జిగురు అస్సలు వద్దు. అంచులు చక్కగా లేవని కత్తెర పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. బయటిగోడకు, ఎండ పడేచోట, బాత్‌రూం గోడకు తగిలించొద్దు. వానాకాలం పోయాక ఏటా ఒకసారి దించి, వెనక అట్ట చూసుకోండి. కాగితం తినే వెండిరంగు పురుగులు ముందు అక్కడే చేరతాయి.

పిల్లలకు చూపించొచ్చా?

చూపించండి, కథ మాత్రం తర్వాత చెప్పండి. మా అక్క కూతురికి ఆరేళ్ళప్పుడు చూపిస్తే చాలాసేపు చూసి, “వీడు లోపలున్నాడని చేపకు తెలుసా మామయ్యా?” అంది. తెలుసమ్మా, అదే దాచింది అన్నాను. “మరి నువ్వెందుకు అందరికీ చూపిస్తున్నావు?” అంది.